ఒక 'ల' ఎక్కువైంది

ఆ వీధిలో ఆయన్ని తాళంకప్ప అంటారు. తాళాలు బాగుచేసి, మారు తాళంచెవులు కోసి బతుకుతాడు కాబట్టి ఆ పేరు సగం వచ్చింది. నోట్లోంచి మాట బయటికి రాదు కాబట్టి మిగతా సగం వచ్చింది. ఇంటి ముందుగదే కొట్టు. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. ఒక బల్ల, ఒక స్టూలు, చిన్నవీ పెద్దవీ ఆకురాళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పొద్దున్నే ఆ స్టూలు ఎక్కితే "ఊఁ", "సాయంత్రం", "కుదరదు" అనే మూడు మాటలతో రోజు గడిపేస్తాడు.

ఆ పొద్దున్న కూడా ఒక బీరువా తాళంచెవికి పళ్ళు తీస్తూ కూర్చున్నాడు. వీధి మలుపులో బూట్ల చప్పుడు వినపడింది. తల ఎత్తకుండానే చేయి చాచి నీళ్ళ సీసా బల్ల చివరికి జరిపాడు. భార్య వస్తోంది.

"ఎక్స్‌ప్రెస్ వచ్చేసింది. ఇక గడియారం చూడక్కర్లేదు, ఏడయింది," అని ఎదురుగా ఉన్న టీకొట్టావిడ కేకేసింది.

"ఏడెక్కడయింది వదినా, ఆరూ యాభై ఆరు. కష్టపడి మిగిల్చుకున్న నిమిషాలు, నొక్కెయ్యకు," అంటూ ఆమె గడప మీద కూలబడి సీసా ఎత్తి గడగడా తాగేసింది.

ఆమెకు యాభై రెండేళ్ళు. పెద్దాసుపత్రి నేలమాళిగలో, కిటికీ లేని గదిలో దుప్పట్లు ఉతికే పని. ఏడేళ్ళ కిందట ఒకరోజు బస్సు తప్పిపోతే, అక్కడ అజమాయిషీ చేసే పెద్దామె నోటికి జడిసి పరుగెత్తింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆగి రొప్పుతూ వెనక్కి చూస్తే ఆ బస్సు ఇంకా రాలేదు. అంతే, ఆ తరవాత బస్సు మొహం చూడలేదు. తెల్లారకముందే ఊరి చుట్టూ పరుగు, ఆనక పనికి పరుగు, ఇంటికి పరుగు. "మా అమ్మకి నలభై అయిదేళ్ళకి కాళ్ళొచ్చాయి," అని కూతురు నవ్వేది.

కాళ్ళొచ్చాక కోరిక ఆగుతుందా. నాలుగు గంటల ప్రయాణం దూరంలో మహానగరం ఉంది. అక్కడ ఏటా నలభై రెండు కిలోమీటర్ల పరుగు జరుగుతుంది. దానికి పొడుగాటి పేరేదో ఉంది గానీ జనమంతా పెద్ద పరుగు అంటారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా టీవీలో అదే. పేరిచ్చేవాళ్ళు లక్షల్లో ఉంటారు, చీటీ తీసి కొందరినే పిలుస్తారు. ఆరేళ్ళుగా కూతురు ఫోనులో తల్లి పేరు ఇస్తూనే ఉంది. ఆరేళ్ళుగా "ఈ ఏటికి క్షమించండి" అనే ఉత్తరం వస్తూనే ఉంది.

కూతురు మధ్యమధ్యలో వేరే ఊళ్ళ పరుగుల సంగతి ఎత్తేది. ఆమె వినేది కాదు.

"అవీ ఒక పరుగులేనా? పదిమంది పరిగెడితే పాతికమంది చూస్తారు. పరిగెత్తితే అందరూ చూసేచోట పరిగెత్తాలే. ముప్పై ఏళ్ళుగా భూమి కింద ఉన్నాను. నేనొకదాన్ని ఉన్నానని ఎవరికి తెలుసు?"

ఆ మాట అన్నప్పుడల్లా తాళంకప్ప ఆకురాయి ఒక్క క్షణం ఆగేది.

ఆ పొద్దున్న ఆమె సీసా కింద పెడుతుండగానే తపాలా ఆయన సైకిలు ఆపి కవరు అందించాడు. కవరు మీద పరిగెత్తే మనిషి బొమ్మ ఉంది. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"నువ్వే చింపవయ్యా. నా చేతికి అచ్చిరాలేదు."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని, సన్న ఆకురాయితో కవరు అంచు కోసి కాయితం ఆమెకిచ్చాడు. నాలుగే నాలుగు వరుసలు. పైన పరుగు పేరేదో తీగలు అల్లినట్టు మెలికలు తిరిగిన అక్షరాలతో అచ్చేశారు. దాన్ని ఎవరు చూస్తారు! ఆమె కళ్ళు ఆరేళ్ళుగా వెతుకుతున్న మాట మీదకే పోయాయి.

"పరుగులో మీ స్థానం ఖాయమైంది. నంబరు పట్టీ, తక్కిన వివరాలు మూడు వారాల ముందు పంపుతాం..." రెండుసార్లు చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. "ఏవయ్యా. వచ్చింది."

"ఊఁ."

"ఊఁ ఏంటి? వచ్చిందయ్యా!"

అప్పుడు తాళంకప్ప ఎన్నడూ చెయ్యని పని చేశాడు. స్టూలు దిగి నడివీధిలోకి వెళ్ళి నిలబడి, గొంతు సవరించుకుని, "మా ఆవిడకి పెద్ద పరుగులో చోటొచ్చింది. ఫారం నేనే రాశా," అన్నాడు. టీకొట్టావిడ చేతిలో వడపోత గరిట జారి కిందపడింది. పరుగు సంగతికి కాదు, ఆయన మాటకి.

నిజంగానే ఆ ఏడు ఫారం ఆయనే రాశాడు. క్రీడల ఆఫీసులో బట్టల అలమరాల తాళాలు పట్టేశాయని పిలిస్తే వెళ్ళాడు. పని అయ్యాక కౌంటరు దగ్గర ఆగి, "పెద్ద పరుగు కాయితం ఉందా అమ్మా?" అని అడిగాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకున్న ఆ అమ్మాయి, "పెద్దల పరుగా? అదిగో, ఆ కట్టలో," అంది. ఆమె అన్నది ఒకటి, ఈయనకు వినపడింది ఒకటి. బళ్ళో చదివింది మూడేళ్ళే. మొదటి రెండు అక్షరాలు పట్టుకుని మిగతాది ఊహించుకుంటూ బతికాడు. ఫారం మీద 'పెద్ద' కనిపించింది, 'పరుగు' కనిపించింది. మధ్యలో నక్కిన అక్షరం కనిపించలేదు. తాళంచెవికి ఒక్క పన్ను ఎక్కువుంటే తాళం తిరగదని తెలిసిన మనిషే. అక్షరాల్లోనూ అంతేనని తోచలేదు.

జేబులో పెట్టుకొచ్చిన భార్య గుర్తింపు కార్డు చూసి ఒక్కో అక్షరం దింపుతూ గంటసేపు రాశాడు. ఇంటికొచ్చి కూతురికి ఫోను చేసి, "ఈసారి నువ్వు వెయ్యకు. నేనేశా," అని పెట్టేశాడు.

ఇక ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఆమె కాయితాన్ని ఆసుపత్రికి పట్టుకుపోయి, దుప్పట్ల గది గోడకు పిన్నులతో గుచ్చేసింది. అక్కడ పనిచేసే నలభై మంది ఆడవాళ్ళూ కలిసి, చిరిగిపోయి పక్కన పడేసిన దుప్పటి ఒకటి తీసి, దాని మీద "మా మనిషి" అని ఎర్ర గుడ్డముక్కలతో కుట్టారు. టీవీ వాళ్ళ కంట పడేలా పట్టుకోవాలని వాళ్ళ ఆలోచన. టీకొట్టావిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. తాళంకప్ప మాత్రం ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చున్నాడు గానీ, పని చేస్తూ చేస్తూ తనలో తనే నవ్వుకునేవాడు. ఒకాయనకు పెట్టె తాళంచెవి బదులు సైకిలు తాళంచెవి కోసిచ్చాడు.

నంబరు పట్టీ కొరియరులో వచ్చిన ఆదివారం కూతురు ఇంట్లోనే ఉంది. నాలుగు వీధుల అవతల కాపురం, మందుల షాపులో ఉద్యోగం. వైద్యుల చేతిరాతే చదివే పిల్ల, దాని కంటిని ఏదీ తప్పించుకోదు. ప్యాకెట్టు విప్పి మొదట గుడ్డ పట్టీ తీసింది. పకపకా నవ్వింది.

"అమ్మా, ఇదేంటే?"

"ఏది?"

"ఇదిగో."

"అదే, ఏంటని అడుగుతున్నా."

"ఇదిగో అనే రాసుందమ్మా! నంబరు ముప్పై ఒకటి, కింద ఇంత లావు అక్షరాలతో 'ఇదిగో'!"

తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మిమ్మల్ని ఏమని పిలుస్తారు అని ఒక గడి ఉంది," అన్నాడు నెమ్మదిగా. "నేను పిలిచేది రాశా."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన భార్యను పిలిచింది ఆ ఒక్క మాటతోనే. నీళ్ళు కావాలన్నా ఇదిగో, జ్వరమొచ్చినా ఇదిగో, కూతురు పుట్టిందని చూడ్డానికి వచ్చినప్పుడూ ఇదిగో. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "టీవీలో నా పేరు ఇదిగో అని పడుతుంది! వాళ్ళు 'ఇదిగో వస్తోంది ఇదిగో' అని చెప్పుకోవాలి!"

కూతురు నవ్వడం ఆపేసింది. చేతిలో వివరాల పుస్తకం ఉంది. అట్ట తిప్పి చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది.

"నాన్నా, ఈ ఫారం ఎక్కడ తీసుకున్నారు?"

"క్రీడల ఆఫీసులో."

"ఇది పెద్ద పరుగు కాదు నాన్నా."

"ఏం వేళాకోళమే అది," అంది తల్లి ఇంకా నవ్వుతూనే.

"వేళాకోళం కాదమ్మా. పెద్దల పరుగు. యాభై నిండినవాళ్ళకి. ఎక్కడో ఆనకట్ట ఉన్న ఊళ్ళో. పోయినేడు నూట ముప్పై మంది పరిగెత్తారట."

ఆమె పుస్తకం లాక్కుని చూసింది. నవ్వు మొహమ్మీదే ఉండిపోయింది గానీ లోపల మనిషి లేదు. పుస్తకం మూసి భర్త వైపు తిరిగింది.

"పెద్ద పరుగుకి గడువు ఎప్పుడు?"

కూతురే జవాబిచ్చింది. "అయిపోయిందమ్మా. చీటీలు కూడా తీసేశారు."

"ఏవయ్యా, చదవడం రాకపోతే అడగాలయ్యా! నోట్లో నాలుక లేదా? పక్కనున్న మనిషిని 'ఇదేంటమ్మా' అని ఒక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

ఆయన గుడ్డ పట్టీని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పాడు.

"ఆరేళ్ళు చీటీ రాకపోతే నా రాత అనుకున్నా. ఓర్చుకున్నా. ఈ ఏడు చీటీల్లో నా పేరే లేదు. ఆ రాకపోవడం కూడా నాకు లేకుండా చేశావు!" ఆమె పుస్తకం బల్ల మీద పడేసింది. "నలభై మందికి చెప్పాను. గోడకి గుచ్చాను. రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పను? పెద్దల పరుగట! కర్రలు పట్టుకుని నడుస్తారా, చక్రాల కుర్చీలు తోసుకుంటారా?"

"అమ్మా, నాన్న కావాలని..."

"నువ్వూరుకో."

సరిగ్గా అప్పుడే టీకొట్టావిడ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "వదినా, ఆ రోజుకి మా కొట్లో గోడంత టీవీ పెట్టిస్తున్నా, మా మరిది దగ్గరుంది..." ముగ్గురి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమైంది? ఎవరైనా పోయారా?"

"నా పరుగు పోయింది వదినా," అని ఆమె వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ ఇంట్లో ఒకరు మాట్లాడకపోవడం ఎప్పుడూ ఉన్నదే. ఇద్దరూ మాట్లాడకపోయేసరికి గోడలకు కూడా ఊపిరాడలేదు. ఆమె టీ కాచి బల్ల మీద పెట్టేది, ఆయన తాగి గ్లాసు కడిగి పెట్టేవాడు. ఆయన కొట్టులో తాళంచెవులు గాలికి టింగుమంటే అదే ఆ ఇంట్లో పెద్ద మాట.

మూడో రోజు పొద్దున్న ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తుండగా ఆమె మామూలు చెప్పులేసుకుని బయటికి వచ్చింది. వీధి చివర దాకా నడిచింది. నిలబడింది. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కింది.

టీకొట్టావిడ పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. "అన్నయ్యా... వదిన బస్సెక్కింది!"

తాళంకప్ప చేతిలో పని అలాగే పెట్టేశాడు. చొక్కా మార్చుకున్నాడు. కొట్టుకు తాళం వేశాడు. పట్టపగలు ఆ కొట్టుకు తాళం పడ్డం ఆ వీధి ఎరగదు.

ఆసుపత్రి నేలమాళిగకు ఆయన ఎన్నడూ వెళ్ళలేదు. మెట్లు దిగుతుంటే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. గదిలాంటి మిషన్లు ఢమఢమ తిరుగుతున్నాయి. తెల్లటి దుప్పట్ల కుప్పలు మనిషెత్తున ఉన్నాయి. ఇద్దరేసి ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, కొసలు పట్టుకుని, దులిపి మడత పెడుతున్నారు. మగమనిషి లోపలికి రావడం చూసి చేతులు ఆగాయి.

"ఎవరు కావాలయ్యా?" అంది అక్కడి పెద్దామె. పొట్టి మనిషి, గొంతు మాత్రం మిషన్లను మించినది.

ఆయన గోడకు గుచ్చి ఉన్న ఉత్తరం చూశాడు. పక్కనే మడతపెట్టి ఉన్న ఎర్ర అక్షరాల దుప్పటి చూశాడు.

"నేను... ఆమె ఇంటాయన్ని."

"ఓహో, తాళాలాయనా! రా రా, కూర్చో."

"కూర్చోను. ఒకటి చెప్పాలి." వేళ్ళు చొక్కా అంచుని నలుపుతున్నాయి. "అది పెద్ద పరుగు కాదు. పెద్దల పరుగు. తప్పు నాది. నాకు చదువు సరిగ్గా రాదు. మధ్యలో 'ల' ఉంది, చూడలేదు. ఆమె మీకు అబద్ధం చెప్పలేదు. నవ్వితే నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. మిషను ఒకటి గిర్రున తిరిగి ఆగింది. పెద్దామె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆ పరుగు ఎన్ని కిలోమీటర్లు?"

"నలభై రెండు చిల్లర."

"మరి పెద్దదో?"

"అదీ అంతే."

"ఇందులో మనిషి పరిగెత్తేది నేల మీదేనా?"

"ఊఁ."

"మరి తేడా ఏంటయ్యా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "టీవీ రాదు," అన్నాడు.

"నువ్వు ఇప్పుడు మాట్లాడింది కూడా టీవీలో రాలేదుగా," అంది పెద్దామె. "మేమంతా విన్నాం."

అప్పుడు దుప్పట్ల కుప్ప వెనకనుంచి ఆమె బయటికి వచ్చింది. అంతసేపూ అక్కడే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆవిరి వల్ల అని చెప్పుకోవచ్చు. "సాయంత్రం దాకా గేటు దగ్గర ఉండవయ్యా. కలిసి పోదాం," అంది.

సాయంత్రం ఇద్దరూ నడిచారు. సగం దూరం వెళ్ళాక ఆమే అడిగింది. "అసలెందుకు రాశావు? ఏటా పిల్లే వేస్తోందిగా."

ఆయన పది అడుగులు వేశాడు. "ఆ క్షమించండి ఉత్తరం వచ్చిన రోజు, నువ్వు ఇంటికొచ్చి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతావు. ఆరుసార్లు చూశా. ఏడోది చూళ్ళేక... చెయ్యి మారితే వస్తుందేమో అనుకున్నా."

ఆమె వీధి మలుపు తిరిగాక ముక్కు చీదుకుని, "ఆ ఆనకట్ట ఊరికి బస్సులున్నాయో లేవో కనుక్కో," అంది. "మాటవరసకే. చూసొద్దాం."

వెళ్ళింది ముగ్గురే. భార్య, భర్త, కూతురు. ఊరు చిన్నది. ఒక పక్క కొండ, ఒక పక్క జలాశయం. నీటి మీద పొగమంచు ఇంకా లేవలేదు. జలాశయం చుట్టూ రోడ్డు ఉంది, దాన్ని మూడుసార్లు చుట్టాలి. బడి ముందు నూట నలభై మంది పోగయ్యారు. కర్రలూ లేవు, చక్రాల కుర్చీలూ లేవు. ఒకాయన తెల్లగడ్డం గాల్లో ఎగురుతుంటే గంతులేస్తున్నాడు. ఇద్దరు వియ్యపురాళ్ళు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ పోట్లాడుకుంటున్నారు. ప్రతివాళ్ళ గుండెల మీదా నంబరు, నంబరు కింద పిలుపు. గుండు మాస్టారు. బుజ్జులు. పెద్దోడు. గోలపిల్ల. ఊళ్ళోవాళ్ళు రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని అప్పుడే కూర్చున్నారు.

ఆమె మొహం ముడుచుకునే నిలబడింది. పక్కనున్న గుండు మాస్టారుకి డెబ్భై ఒకటి. ఆమె పట్టీ చూసి, "ఇదిగో? భలే పేరమ్మా!" అన్నాడు.

"మా ఆయన ఘనకార్యం," అంది ఆమె. "మీరు పెద్ద పరుగుకి వెళ్ళారా మాస్టారూ?"

"లేదమ్మా."

"పేరు రాలేదా? నాదీ అంతే."

"ఇవ్వనేలేదు. మా ఊరికీ మహానగరానికీ మధ్య తొమ్మిది పరుగులున్నాయి. ఒకటి తోటల్లోంచి, ఒకటి సముద్రం ఒడ్డున, ఒకటి పాత రైలు పట్టాల మీద. వాటిని దాటుకుని పోబుద్ధి కావట్లేదు. ఇరవై ఏళ్ళుగా పరిగెడుతున్నా, ఇంకా దార్లోనే ఉన్నా."

తాళంకప్ప ఆ మాట విన్నాడు. భార్య కూడా విన్నదని ఆమె చెవి పక్క వెంట్రుక సర్దుకోవడం చూసి గ్రహించాడు. ఈల ఊదారు. పరుగు మొదలైంది.

ఆయనా కూతురూ ఆనకట్ట మలుపులో నిలబడ్డారు. మొదటి చుట్టులో ఆమె వచ్చినప్పుడు కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన లేచాడు. "ఇదిగో!"

పక్కనున్నామె అటూ ఇటూ చూసింది. "ఏది?"

"ఇదిగో!"

"అదే, ఏదయ్యా?"

"ఆ అమ్మాయి పేరే ఇదిగో అంట!"

నవ్వు అక్కణ్ణించి అంటుకుంది. రెండో చుట్టు వచ్చేసరికి ఊరంతా పాకింది. మలుపు మలుపులో ఒకటే గోల. "ఇదిగో! ఇదిగో! అదిగో ఇదిగో!" పిల్లలు గోడలెక్కి అరుస్తున్నారు. ఒకావిడ తడి చేతులతో ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, "వెళ్ళిపోయిందా ఇదిగో? అయ్యో!" అని నొచ్చుకుంది. నీటికి అవతలి ఒడ్డున అరిచినా ఇవతలికి వినపడుతోంది. అది విని తాళంకప్పకు ఆమె ఇప్పుడెక్కడుందో తెలిసిపోతోంది.

"నాన్నా, మీరు ముప్పై ఏళ్ళు పిలిచింది వీళ్ళు ఒక్కపూటలో పిలిచేశారు," అంది కూతురు.

మూడో చుట్టులో, ముప్పై రెండో కిలోమీటరు దగ్గర ఆమె పరుగు నడకైంది. మొహం పాలిపోయింది. ఆయన నీళ్ళ సీసా పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. ఆమె ఆయన్ని చూసింది గానీ ఆగలేదు. "ఏవయ్యా, ఆ వంతెన దగ్గర ఒకావిడ... నాకోసమే నిలబడిందట... ఇదిగో మళ్ళీ ఎప్పుడొస్తుందని..." మాట పూర్తికాకుండానే ఏడుపో నవ్వో వచ్చి, మళ్ళీ పరుగందుకుంది.

పరుగు మొదలైన నాలుగ్గంటల యాభై రెండు నిమిషాలకు బడి ముందుకొచ్చింది. అరవై మూడోది. బడి మెట్ల మీద కూర్చోబెట్టి, కూతురు ఆమె కాళ్ళు నీళ్ళ బకెట్లో పెట్టింది.

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "అక్కడైతే యాభై వేల మంది పరిగెడతారు కదే," అంది కూతురితో. "అందులో నన్ను ఏ కెమెరా పట్టుకునేది? పట్టుకున్నా ఒక్క రెప్పపాటు. ఇక్కడ మూడుసార్లు చూశారు నన్ను. మూడోసారికి కుశలం అడిగారు."

"వచ్చే ఏడు పెద్ద పరుగుకి పేరు ఇవ్వనా, వద్దా?"

"ఇవ్వు. రానీ, రాకపోనీ. ఈలోపు ఆ పాత రైలు పట్టాల మీద పరుగు ఎప్పుడో మాస్టార్ని అడుగు. తరవాత సముద్రం ఒడ్డుది." ఆగి భర్తను చూసింది. "ఫారం నువ్వే రాయవయ్యా. నీ తప్పులే నాకు అచ్చొచ్చాయి."

ఆయన కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగాడు.

అప్పటికి పరుగు పూర్తిచేసినవాళ్ళు ఎవరూ ఇంటికి పోలేదు. చివరి మనిషి వచ్చేదాకా ఇక్కడ ముగింపు గీత దగ్గర కట్టిన తాడు విప్పరట. అది విని ఆమె బకెట్లోంచి కాళ్ళు తీసింది. "పద. మనం ఒడ్డున కూర్చుంటే ఎలా?" కుంటుకుంటూ వెళ్ళి రోడ్డు పక్కన నిలబడి, వచ్చేవాళ్ళ పట్టీలు చూసి ఒక్కొక్కళ్ళనీ గొంతెత్తి పిలవడం మొదలుపెట్టింది. "గోలపిల్లా, అయిపోయింది, వచ్చేశావ్! పెద్దోడా, అడుగు ఎత్తు నాయనా!"

తాళంకప్ప కూడా పక్కన నిలబడ్డాడు. ఆయనా పిలుద్దామనే చూశాడు. కానీ వచ్చే మనిషి పట్టీ మీది అక్షరాలు కూడుకునేలోపు మనిషి దాటిపోయేవాడు. "బు... జ్జు..." అనేసరికి బుజ్జులు వెళ్ళిపోయి నీళ్ళు తాగుతోంది. భార్య, కూతురు పగలబడి నవ్వారు. ఆయన పట్టు వదల్లేదు. గంటన్నర నిలబడ్డాడు. ఒక్కటీ అందలేదు.

మధ్యాహ్నం దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఇంకొక్కరే ఉన్నారన్నారు. చాలాసేపటికి మలుపులో ఒక చిన్న ఆకారం కనిపించింది. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ. నెరిసిన జుట్టు, చామనఛాయ, బక్కపలచటి మనిషి. పరుగు అనడానికి లేదు, నడక అనడానికి లేదు. ఒక్కో అడుగూ బతిమాలి వేయిస్తోంది.

తాళంకప్ప కళ్ళు చికిలించి, పట్టీ మీద మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టాడు. ఆవిడ నెమ్మదిగా వస్తోంది, ఈయన నెమ్మదిగా చదువుతున్నాడు. ఊహించలేదు. దాటెయ్యలేదు. ఒక్కో అక్షరం పెదాలు కదిపి కూడుకున్నాడు. ఆవిడ ఎదురుగా వచ్చేసరికి పేరు మొత్తం చేతికొచ్చింది. ఆయన మొహం కందగడ్డలా అయింది. పక్కన భార్య ఉంది, కూతురు ఉంది, ఊరంతా ఉంది. అయినా ఛాతీ నిండా గాలి పీల్చి అరిచాడు.

"మూడో వీధి ముద్దుగుమ్మా! రా, వచ్చెయ్! ఇంకా పదడుగులే!"

రోడ్డంతా ఘొల్లుమంది. ఆయన భార్య నవ్వలేక ఆయన భుజం పట్టుకుని వేలాడింది. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "నన్నెప్పుడైనా అన్నావా ఆ మాట, ఏవయ్యా!"

ముద్దుగుమ్మ తలెత్తి చూసింది. ఇంత గోలా తనకేనని నమ్మకం కుదర్లేదు. వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డు చూసి, మళ్ళీ వీళ్ళ వైపు తిరిగి, రొప్పుతూ అడిగింది.

"నా వెనక ఇంకెవరైనా వస్తున్నారా?"

"ఎవరూ లేరమ్మా," అంది ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ. "మీకోసమే చూస్తున్నాం."